విచారాల పుస్తకంలో మొదటి పేజీ

1970 ఆగస్టులో, ఉదయం ఏడింటికే ఒళ్ళు మాడిపోయే ఎండలో, టల్లావా కౌంటీ హైస్కూల్ మైదానంలో కోచ్ డెంప్సీ ఈల ఊది, "క్వార్టర్‌బ్యాక్ ఆడేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు. బంతి విసిరి జట్టును నడిపే ఆ ఒక్క చోటు కోసం రెండు చేతులు లేచాయి. ఒకటి రాయిస్ టిల్లరీది. అంతకు ముందు సంవత్సరమంతా బెంచీ మీద కూర్చుని జట్టుకు నైతిక మద్దతు ఇచ్చినవాడు. రెండోది లూషస్ బ్రాడ్‌నాక్స్‌ది. బెథెల్ హిల్ బడిలో రెండేళ్ళు జట్టును నడిపి, బంతి విసిరి, ఇరవై ఆటల్లో పద్దెనిమిది గెలిపించినవాడు.

కోచ్ ఇద్దరిలో ఎవరి చేతికీ బంతి ఇవ్వలేదు. ఇద్దరి ముఖాలూ చూశాడు, అది చాలింది. "నీకు కాళ్ళు బాగున్నాయి. ఆ చివరికెళ్ళి డిఫెన్స్‌లో నిలబడు" అన్నాడు లూషస్‌తో. ఎవరు బాగా విసురుతారో విసరనివ్వకుండానే తేల్చగల మేధావులు మన అలబామాలో అప్పట్లో చాలామంది ఉండేవారు.

లూషస్ చేయి దించుకుని, మైదానం ఆ చివరికి నడిచి వెళ్ళాడు. అప్పుడతనికి పదిహేడేళ్ళు. ఇప్పుడు డెబ్భై ఒకటి. మొన్న మొన్నటి దాకా ఆ సంగతి గురించి అతని నోట ఒక్క మాట నేను వినలేదు.

బెథెల్ హిల్ నల్లవాళ్ళ బడి. పిల్లలందరినీ కలిపి చదివించమని కోర్టు చెప్పింది. కలపడమంటే బెథెల్ హిల్‌కి తాళం వెయ్యడమని మన స్కూలు బోర్డువారికి అర్థమైంది. ఆ వేసవిలో అక్కడి బల్లలు, పుస్తకాలు, ఆటల్లో గెలిచిన కప్పులు, స్కోరు పుస్తకాలు అన్నీ ఒక ట్రక్కులోకెక్కి చెత్తకుప్పకు చేరాయి. అక్కడ లెక్కలు చెబుతూ జట్టుకు శిక్షణ ఇచ్చిన ఆంబ్రోజ్ గేదర్స్ ఐదేళ్ళలో మూడంటే మూడు ఆటలు ఓడిన మనిషి. ఆయన్ని కౌంటీ హైస్కూల్‌కి బదిలీ చేసి తువ్వాళ్ళు లెక్కపెట్టే పని అప్పగించారు. ఆయన ఆ పని కూడా బాగానే చేశాడు. ఒక్క తువ్వాలు పోలేదు.

ఇక అసలు కథకొస్తాను. మన ఊళ్ళో నెల్డా హోటల్ ఉంది కదా, పెట్రోలు బంకు పక్కన. కిటికీ దగ్గరి పెద్ద బల్ల చుట్టూ ప్రతి గురువారం పొద్దున ఒక సంతాప సభ జరుగుతుంది. చనిపోయింది ఎవరని అడక్కండి. టల్లావా స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు, అంటే మన నీలి కొంగలు, యాభై ఏళ్ళుగా విడతలు విడతలుగా చనిపోతూనే ఉంది. ఆ బల్ల మీద ఏడ్చేవాళ్ళకు పెద్ద రాయిస్ టిల్లరీ. ఇన్సూరెన్సు ఆఫీసు అమ్మేసి విశ్రాంతిగా బాధపడుతున్నాడు. అతని కుడిపక్కన హార్లన్ మిమ్స్, పలుగూ పారా నుంచి మేకుల దాకా అమ్మే దుకాణం యజమాని, హైస్కూల్ ఆటల అభిమాన సంఘానికి అధ్యక్షుడు. ఎడమపక్కన కుర్చీలో లూషస్. ముప్పై నాలుగేళ్ళు పల్లెదారుల్లో ఉత్తరాలు పంచి రిటైరయ్యాడు. భార్య వెర్నెల్ పోయాక ఇంట్లో మొక్కజొన్న రవ్వ గ్రిట్స్ ఒక్కడికే వండుకోవడం ఇష్టంలేక ఇక్కడికి రావడం మొదలుపెట్టాడు.

సభా కార్యక్రమం ఎప్పుడూ ఒకటే. ముందు, తీసెయ్యకూడని కోచ్‌ని ఎందుకు తీసేశాం. తర్వాత, తియ్యాల్సిన కోచ్‌ని ఎందుకు తియ్యలేదు. గ్రిట్స్ అయ్యాక, చేతికందిన క్వార్టర్‌బ్యాక్ ఎలా జారిపోయాడు.

"ఆ వాస్ కుర్రాడిది ఎక్కడో దేశం కాని దేశమా? ఇక్కడికి పదకొండు మైళ్ళు" అంటాడు రాయిస్. "జట్టులో చేరతానని సంతకం పెట్టే రోజున మన కోచ్ వాడికి ఫోన్ చేసి వాడి అన్న పేరు పెట్టి పిలిచాడు. వాడు నొచ్చుకుని పక్క రాష్ట్రానికి పోయాడు. తర్వాత మనమీదే నలభై ఐదు పాయింట్లు కొట్టాడు."

"కోచ్ తప్పేముంది, ఇద్దరికీ ఒకటే ముక్కు" అంటాడు హార్లన్.

"ముక్కులు చూసి పిలిస్తే మీ ఇద్దరినీ నేను ఏమని పిలవాలి?" అంటుంది నెల్డా, కాఫీ పోస్తూ. "ఇదే కథ పద్నాలుగేళ్ళుగా వింటున్నా. ప్రతిసారీ ఆ కుర్రాడి ఇల్లు ఒక మైలు దగ్గరికి జరుగుతోంది."

ఇంటికి పంపేసిన కోచ్‌లకు ఇంట్లో కూర్చున్నందుకు యూనివర్సిటీ ఇంకా జీతాలిస్తోంది. ఏ పనీ చెయ్యకుండా అంత సంపాదించేవాళ్ళు ఈ కౌంటీలో మరొకరు లేరు. దాని మీద బల్ల దగ్గర ఎవరికీ కోపం లేదు. తీసేసినవాళ్ళలో ఎవరిని ఉంచుకుని ఉంటే బాగుండేదన్నదే చర్చ.

అన్ని బాధలకూ మూలం 1973 అని రాయిస్ సిద్ధాంతం. ఆ ఏడాది కొంగలు తొమ్మిది ఆటలు ఓడాయి. కోచ్ ప్రూట్‌ని సాగనంపారు. "ప్రూట్ బుర్ర బంగారం. ఒక్క చెయ్యి లేక పోయాడు. బంతి విసిరే ఒక్క మంచి చెయ్యి దొరికుంటే ఇవాళ మన కథ వేరు" అని అతను అనగానే బల్ల చుట్టూ తలలన్నీ ఊగుతాయి. లూషస్ తల కూడా ఊగేది. రాయిస్ చేయి చాపి అతని భుజం తట్టేవాడు. "అప్పుడు ఈ లూషస్ ఉన్నాడుగా మన డిఫెన్స్‌లో. ఏం కాళ్ళు, ఏం కాళ్ళు."

"అవును మిస్టర్ రాయిస్" అనేవాడు లూషస్. ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకే తరగతి. ఇతనికి అతను మిస్టర్ రాయిస్, మీరు. అతనికి ఇతను లూషస్, నువ్వు. యాభై నాలుగేళ్ళుగా ఇందులో వింత ఎవరికీ కనపడలేదు.

ఆ 1973లో ఆ మంచి చెయ్యి ఎక్కడుందో చెబుతాను. నీలి కొంగల మైదానంలోనే ఉంది; హైస్కూల్ అయ్యాక లూషస్ ఆ యూనివర్సిటీలోనే చేరాడు. సోమవారం నుంచి గురువారం దాకా ప్రాక్టీసులో, రాబోయే శనివారం ఎదురయ్యే జట్టులా ఆడి చూపించడానికి కొందరు ఆటగాళ్ళు కావాలి. ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్ వేషం ఎవరు కడతారంటే లూషస్ కట్టేవాడు. వారానికొక వేషం. ఏ వేషమేసినా బంతి మన డిఫెన్స్ నెత్తిమీదుగా వెళ్ళి పట్టుకునేవాడి ఒళ్ళో పడేది. ప్రూట్ కోప్పడేవాడు, లూషస్ మీద కాదు, అతన్ని ఆపలేనివాళ్ళ మీద. శనివారం రాగానే వేషం విప్పించి అతన్ని మళ్ళీ చివర నిలబెట్టేవాడు. విసిరే పని మరొకడు చేసేవాడు. వాడు బంతిని ఎంతో ఉదారంగా ఎదుటివాళ్ళకే ఇచ్చేవాడు. వారమంతా వెతుకుతున్న మనిషినే వారమంతా ఎదురుగా నిలబెట్టుకుని, శనివారం ఓడి, ఆదివారం నుంచి మళ్ళీ వెతకడం. ఈ ఘనత మనవాళ్ళది.

మరుసటి ఏడాది లూషస్ మోకాలు విరిగింది, చదువు ఆగింది, పోస్టాఫీసులో చేరాడు. ఆ చెయ్యి మాత్రం ఊరికే ఉండలేదు. అతను బండిలోంచి విసిరిన పొట్లం నెల్డా వాళ్ళ వరండాలో మెట్ల మీద పడేది కాదు, ఊగే కుర్చీలో పడేది. కుర్చీ ఊగేది కూడా కాదు.

ఈ కథ ఇలాగే నడిచిపోయేది, క్వార్టర్‌బ్యాక్‌ల గోడ లేవకపోతే.

కిందటి ఆగస్టులో అభిమాన సంఘం హైస్కూల్ మైదానం గేటు పక్కన నల్లరాతి గోడ కట్టించింది. 1921 నుంచి ఈ కౌంటీలో బడిపిల్లల జట్లు నడిపిన క్వార్టర్‌బ్యాక్‌లందరి పేర్లూ చెక్కించింది. అందరూ అంటే అందరూ. 1938లో అసలువాడికి గవదబిళ్ళలొస్తే ఒక్క ఆట ఆడి రెండుసార్లు కిందపడిన మనిషి పేరు కూడా ఉంది. రాయిస్ పేరు 1970 పక్కన బంగారు రంగులో మెరుస్తోంది. బెథెల్ హిల్ పేర్లు లేవు. ఒక్కటీ లేదు. అంతా నల్లరాయే. నల్ల మనిషి కనపడకుండా ఉండటానికి అంతకంటే మంచి చోటు ఏముంటుంది.

లూషస్ తన కోసమైతే అడిగేవాడు కాదు. గేదర్స్ మాస్టారికి ఇప్పుడు తొంభై ఆరేళ్ళు. వృద్ధుల ఆశ్రమంలో ఉంటున్నాడు. గోడ సంగతి పేపర్లో చదివి లూషస్‌ని పిలిపించాడు.

"మనవాళ్ళ పేర్లు ఏ వైపున్నాయి రా?"

"లేవు మాస్టారూ."

"వెనకవైపు చూశావా?"

"చూశాను."

మాస్టారు పేపరు మడిచి పక్కన పెట్టాడు. "నేను తువ్వాళ్ళు లెక్కపెట్టాను. ఒక్కటి తక్కువైతే నన్నడిగేవాళ్ళు. ఒక బడి బడే తక్కువైతే అడిగేవాడు లేడా? నువ్వెళ్ళి అడుగు. నేను పోయాక చెక్కితే నాకెవరు చదివి వినిపిస్తారు?"

తర్వాతి గురువారం లూషస్ అడిగాడు. గ్రిట్స్ పళ్ళెం పక్కకు జరిపి, టోపీ తీసి అడిగాడు.

హార్లన్ ఎంతో బాధపడ్డాడు. బాధపడటంలో అతనికి మంచి అలవాటుంది. "నాకేం అభ్యంతరం లూషస్, నువ్వు మావాడివి. కానీ రాతి మీద చెక్కే పని కదా, నిబంధనలుంటాయి. మైదానంలో ఆడినట్టు ఆ రోజుల్లో రాసిన కాగితం ఏదైనా ఉండాలి. స్కోరు పుస్తకమో ఏదో. పట్రా, చెక్కించేద్దాం."

"అవి మీ నాన్నగారు బోర్డులో ఉన్నప్పుడు చెత్తకుప్పలో పోయించారు మిస్టర్ హార్లన్."

"అదే, అందుకే అంటున్నా. కాగితం లేకపోతే మేమేం చెయ్యగలం?"

గవదబిళ్ళలవాడి బదులు ఆడినవాడికి కాగితం ఎక్కడ దొరికిందని నెల్డా అడిగింది. కాఫీ చల్లారిపోయిందని హార్లన్ అన్నాడు.

ఇప్పుడు ఆ పుస్తకం సంగతి చెప్పాలి. మన ఊరివాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పని అది. రాయిస్ దగ్గర ఒక నోటుపుస్తకం ఉంటుంది. జారిపోయిన ప్రతి క్వార్టర్‌బ్యాక్ పేరు, ఎత్తు, బరువు, ఎవరి వల్ల జారిపోయాడు, తీసేసిన ప్రతి కోచ్, ఎందుకు తియ్యకూడదో, అన్నీ తేదీలతో సహా రాసుంటాయి. విచారాల పుస్తకం అంటాం. ఏటా నవంబరు ఆఖరి గురువారానికి ముందు గురువారం అది చదివి, అన్నిటికంటే పెద్ద తప్పు ఏదని చేతులెత్తి ఓటు వేస్తారు. పెళ్ళాల పుట్టినరోజులు మరిచిపోయే మనుషులు 2009లో మనల్ని కాదన్న కుర్రాడి చెప్పుల కొలత మరిచిపోరు.

ఈ నవంబరులో రాయిస్ కొత్తగా ఏదైనా చేద్దామనుకున్నాడు. విచారాల పుస్తకం రాయడం మొదలుపెట్టింది అతను కాదు, వాళ్ళ నాన్న ఆల్టన్ టిల్లరీ. ఆయన యూనివర్సిటీ అభిమానుల తరఫున కౌంటీ అంతా తిరిగి కుర్రాళ్ళ ఆట చూసి వచ్చేవాడు. అటక మీద దొరికిన ఆ పాత పుస్తకం తెచ్చి, దుమ్ము దులిపి, కళ్ళజోడు పెట్టుకున్నాడు రాయిస్. పక్క బల్ల దగ్గర యాపిల్ పై తింటున్నదాన్ని, నేనూ విన్నాను.

"అసలు మొట్టమొదటి విచారం ఏదో వినండి. మా నాన్న చేతిరాత. నవంబరు ఆరు, 1969, గురువారం."

గురువారం అనగానే నెల్డా కాఫీ పోయడం ఆపింది. ఆ రోజుల్లో బెథెల్ హిల్ జట్టు కౌంటీ హైస్కూల్ మైదానంలో గురువారాలే ఆడేది. శుక్రవారం ఆ మైదానం అసలు మనుషులది.

రాయిస్ మొదలుపెట్టేశాడు, ఆగలేదు. ఏం చదువుతున్నాడో బుర్రకు తెలిసేసరికే సగం అయిపోయింది. "బెథెల్ హిల్ ఆట చూశాను. క్వార్టర్‌బ్యాక్ బ్రాడ్‌నాక్స్ అనే పిల్లాడు. గాలిలో అరవై గజాలు విసిరాడు. నాలుగు టచ్‌డౌన్ల స్కోరు చేశాడు. ఈ కౌంటీలో ఇంత చెయ్యి నేను చూడలేదు. వాళ్ళ కోచ్ మన కోచ్‌ని నిద్రలో కూడా ఓడిస్తాడు. ఇద్దరూ..."

అక్కడ ఆగాడు.

"చదవండి" అంది నెల్డా.

"రాత సరిగ్గా కనపడటంలేదు."

నెల్డా అతని భుజం మీదుగా వంగి చదివింది. "ఇద్దరూ మనకు పనికిరారు. పాపం."

చేతికందిన క్వార్టర్‌బ్యాక్, చేజారిన కోచ్, ఇద్దరూ ఒకే పేజీలో, మొదటి పేజీలో ఉన్నారు. వాళ్ళ కోసమే ఈ సభ ఇన్నేళ్ళూ జరిగింది, ఒకడిని పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని.

లూషస్ చెంచా కింద పెట్టాడు.

"అరవై కాదు రాయిస్" అన్నాడు. "అరవై మూడు. మీ నాన్న పొరబడ్డాడు. అడుగులేసి కొలిచుంటాడు, ఆయన అడుగులు పొడుగు."

మిస్టర్ లేదు. రాయిస్ ఆ సంగతి గమనించినట్టే ఉన్నాడు, మెడ ఎర్రబడింది. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం నువ్వు?"

"ఏం చెప్పాలి? ఆ రోజు నేను చెయ్యెత్తాను. నువ్వు నా పక్కనే ఉన్నావ్. చూళ్ళేదా?"

"కోచ్ చెప్పాడు కదా..."

"కోచ్ చెప్పాడు. నువ్వు బంతి తీసుకున్నావ్. నేనా చివరికెళ్ళాను. ప్రూట్ కూడా చెప్పాడు. ప్రూట్ మంచివాడు రాయిస్, చెడ్డవాడైతే నాకు తేలికయ్యేది. మా పెద్దబ్బాయి పుట్టినప్పుడు ఉయ్యాల పంపించాడు. మనిషి మంచివాడే, శనివారం మాత్రం నా చెయ్యి కనపడేది కాదు." పుస్తకం వైపు చెయ్యి చూపించాడు. "కాగితం కావాలన్నాడు హార్లన్. అదిగో కాగితం. ఆ రోజుల్లోదే. తెల్లవాడు రాసిందే. ఇంకేం కావాలి?"

హార్లన్ గొంతు సవరించుకున్నాడు. "అది సొంత పుస్తకం కదా లూషస్. అధికారిక రికార్డు కాదు. కమిటీలో పెట్టి చూద్దాం. సీజన్ అయ్యాక."

"మాస్టారికి తొంభై ఆరు. ఆయన సీజన్ ఎప్పుడవుతుందో కమిటీకి తెలుసా?"

"ఆ పేజీ నాకివ్వు రాయిస్" అన్నాడు లూషస్. "మా నాన్న పుస్తకం" అని రాయిస్ దాన్ని మూసి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కానీ నెల్డా తక్కువ మనిషి కాదు. వంగి చదివినప్పుడే ఫోన్‌తో ఫొటో తీసింది. ఈ ఏడాది పెద్ద తప్పు ఏదన్న దానికి ఓటు మాత్రం జరగలేదు. యాభై ఐదేళ్ళలో మొదటిసారి.

ఆ సాయంత్రం లూషస్ ఆశ్రమానికి వెళ్ళి నెల్డా తన ఫోన్‌కి పంపిన ఫొటో చూపించి, ఆ వాక్యాలన్నీ మాస్టారికి చదివి వినిపించాడు. మాస్టారు రెండోసారి చదివించుకున్నాడు. "పాపం అన్నాడా? పాపం మనది కాదు రా" అన్నాడు. తర్వాత, "అరవై మూడే. నేను కొలిచాను" అన్నాడు.

ఇప్పుడు విషయానికి వస్తాను. అభిమాన సంఘం నిబంధనల్లో తొమ్మిదోది హార్లన్ ఎప్పుడూ గట్టిగా చదవడు. కౌంటీలో ఉండే యాభై మంది సంతకాలతో ఏ విషయం అడిగినా సంఘం బహిరంగ సభలో ఓటుకు పెట్టి తీరాలి. బెథెల్ హిల్ క్వార్టర్‌బ్యాక్‌లందరి పేర్లూ, కోచ్ గేదర్స్ పేరూ గోడ మీద చెక్కించాలని రాసిన కాగితం నెల్డా హోటల్లో, గల్లాపెట్టె పక్కన, యాపిల్ పైలు పెట్టే అద్దాల పెట్టె మీద ఉంది. యూనివర్సిటీలో ఇప్పుడున్న కోచ్‌ని పీకెయ్యమని కిందటి నెల ఈ కౌంటీలో మూడు రోజుల్లో నాలుగు వేల సంతకాలయ్యాయి. ఈ కాగితం మీద పన్నెండు రోజుల్లో ముప్పై ఒకటి. చేతులు నొప్పులుగా ఉన్నాయేమో, పోయిన నెల అంత రాశాం కదా.

మొన్న మంగళవారం రాయిస్ వచ్చాడు. బల్ల దగ్గరికి వెళ్ళలేదు. కాగితం ముందు నిలబడి పైనుంచి కిందదాకా చదివాడు. నెల్డా అందించిన కలం తీసుకున్నాడు, కాగితం మీద ఆనించాడు, ఆగాడు. "ఈ కలం రాయడంలేదు" అన్నాడు. నెల్డా ఇంకోటి ఇచ్చింది. "మళ్ళీ వస్తా" అని దాన్ని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అతను వదిలేసిన కలంతో నేను సంతకం చేశాను. బాగానే రాస్తోంది. ముప్పై రెండు.

ఇంకా పద్దెనిమిది కావాలి. సభ డిసెంబరు పదిహేడు, మంగళవారం సాయంత్రం ఆరింటికి, హైస్కూల్ భోజనశాలలో. ముందు వరసలో చక్రాల కుర్చీలో గేదర్స్ మాస్టారు ఉంటాడు. ఆయన్ని తీసుకొచ్చేది లూషస్. మీకు అటక ఉంటే ఎక్కండి. 1970కి ముందు బెథెల్ హిల్ ఆట చూసిన నాన్నలు, తాతలు మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటారు, పాత ఫొటోలు, టికెట్టు ముక్కలు దాచే ఉంటారు. పట్టుకు రండి. మీది ఈ కౌంటీ కాకపోతే, మీ ఊరి బడి గోడ మీద గెలిచినవాళ్ళ పేర్ల పట్టిక ముందు ఒక్కసారి నిలబడి, ఏ బడివాళ్ళ, ఏ పేటవాళ్ళ పేర్లు లేవో చూసి, ఎందుకు లేవని అక్కడివాళ్ళను అడగండి. ఈ కౌంటీవాళ్ళయితే, ఈ శుక్రవారం లోపల నెల్డా దగ్గరికి వెళ్ళి సంతకం పెట్టండి. కలం రాయకపోతుందేమోనని భయముంటే మీది మీరు తెచ్చుకోండి.